కరకట్ట మట్టి

అనగనగా, పసుపురంగు ఏరు పారే చీనా దేశాన షెన్‌లో అనే చిన్న రాజ్యం. దాన్ని జావ్‌పెయ్ అనే రాజు ఏలేవాడు. చెడ్డవాడు కాడు. అయితే యాభై ఏళ్లు దాటగానే ఆయనకొక దిగులు పట్టుకుంది. తాను పోయాక జనం తనను మరిచిపోతారేమోనని.

ఆ దేశపు రాజులు బతికుండగానే తమ సమాధి కట్టించుకునేవారు. జావ్‌పెయ్ కూడా నేల తవ్వించి రాతి గది కట్టించాడు. పోయాక తనకు తోడుంటాయని అందులో మట్టి గుర్రాలను, మట్టి భటులను నిలబెట్టించాడు. కంచు కుండల నిండా కొర్రలు పోయించాడు.

"దీనిమీద కొండంత దిబ్బ లేవాలి. పది ఊళ్లకు కనబడాలి!" అన్నాడు.

ఆ పని షూయాన్ అనే మేస్త్రికి అప్పగించాడు. ఆమెది తరతరాలుగా ఏటి కరకట్టను కాపాడే కుటుంబం. గుప్పిట్లోకి తీసుకుంటే చాలు, ఏ మట్టి నిలుస్తుందో, ఏది జారుతుందో చెప్పేది.

మొదటి ఏడాది బీళ్లలో మట్టి తెచ్చి పోశారు. దిమ్మిసలతో పొరపొరగా కొట్టారు. రాజు వచ్చి చూసి, "ఇంకా ఎత్తు కావాలి" అన్నాడు.

రెండో ఏడాది చేలు తవ్వారు. పంట పండే నేలంతా గుంటలైంది. రాజు తలెత్తి చూసి, "ఇంకా" అన్నాడు.

మూడో ఏడాది రాజు దగ్గర్నుంచి కబురొచ్చింది. "కరకట్ట మట్టి గట్టిది. దాన్ని తవ్వి తెండి."

మర్నాడు షూయాన్ ఖాళీ గంపతో కొలువుకు వచ్చింది.

"మట్టేది?" అన్నాడు రాజు.

"తవ్వలేదు ప్రభూ."

"నా మాట మీరితే తల పోతుందని తెలుసా?"

"తెలుసు ప్రభూ. కట్ట తెగితే ఇరవై ఊళ్లు పోతాయని కూడా తెలుసు."

"పద, చూపించు" అని రాజు లేచాడు.

కట్టమీద షూయాన్ ఒక ఇనుప చువ్వ ఆయన చేతికిచ్చింది. రాజు గుచ్చాడు. చువ్వ పిడికిలిదాకా దిగిపోయింది.

"రెండేళ్లుగా కట్ట బాగుచేసేవాళ్లంతా మీ దిబ్బ దగ్గరే ఉన్నారు ప్రభూ" అంది షూయాన్.

దిగువన ఒక ముసలాయన గుమ్మడి పాదుకు పందిరి వేసుకుంటున్నాడు. పక్కన ఇద్దరు పిల్లలు తాళ్లు అందిస్తున్నారు. రాజు వాళ్లనే చూస్తూ నిలబడ్డాడు.

"దిబ్బ లేకపోతే నన్నెవరు తలుచుకుంటారు షూయాన్?"

"అది నాకు తెలియదు ప్రభూ. మట్టి సంగతి మాత్రమే నేను చెప్పగలను."

రాజు చువ్వ పైకి లాగాడు. "దిబ్బ తవ్వేయండి. ఆ మట్టంతా ఇక్కడ పోయండి" అన్నాడు.

ఆ వానాకాలం ఏరు పొంగింది. కట్ట అంచుకు జానెడు దిగువదాకా వచ్చింది. మూడు రోజులు అలాగే ఉండి, మెల్లగా తీసింది. ఒక్క ఇల్లూ మునగలేదు.

మరి కొన్నేళ్లకు జావ్‌పెయ్ కన్నుమూశాడు. ఆయన కోరినట్టే సమాధిమీద మోకాలెత్తు మట్టి మాత్రం పోశారు.

ఆ దేశంలో ఏటా వసంతకాలంలో పెద్దల సమాధులు ఊడ్చి, వాటిమీద కొత్త మట్టి వేసే ఆచారం ఉంది. ఆ వసంతాన ఇరవై ఊళ్లవాళ్లు తమ పెద్దల సమాధులకు వెళ్లి, వస్తూ వస్తూ రాజు సమాధిమీద కూడా తలా ఒక దోసెడు వేశారు. ఎవరూ రమ్మనలేదు. మరుసటి ఏడూ వచ్చారు. వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు కూడా వచ్చారు. నూరేళ్లకు అక్కడొక పచ్చని కొండ లేచింది. అది పది ఊళ్లకు కనబడేది.

చేసిన మేలును మించిన సమాధి లేదు.