గురవన్న దాచిన చెవి నొప్పి

ఇప్పలకోన అడవిలో దుప్పులు, కుందేళ్లు, ముళ్లపందులు, కొండముచ్చులు కలిసి బతికేవి. ఎండాకాలం వస్తే వాటన్నిటికీ నీళ్లు దొరికేది ఒక్క నల్లమడుగులోనే. ఆ సంగతి చిరుతకు కూడా తెలుసు.

తల వంచి నీళ్లు తాగేవాళ్లకు వెనక ఏముందో కనబడదు. అందుకని అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. అందరూ తాగుతున్నంతసేపూ ఒకరు గట్టు మీద నిలబడి వినాలి. ఎండుటాకు నలిగిన చప్పుడైనా సరే, వెంటనే కాలితో నేలను తన్నాలి. ఆ పనిని చెవికాపు అనేవారు. ఆ ఏడాది చెవికాపు దుప్పి గురవన్నది.

గురవన్న చెవులు నిజంగానే మంచివి. ఆ మాట ఎవరూ అడగకపోయినా రోజుకు పదిసార్లు చెప్పేవాడు, అదొక్కటే చిక్కు.

కాపు అయిపోయాక గురవన్న మడుగులోకి దిగి ఈదేవాడు. అడుగున ఉండే లేత తామరతూడు కోసం తల ముంచి మరీ వెతికేవాడు. మడుగులో కాపురముండే నీటికుక్క ఎల్లమ్మ అది చూసి దగ్గరికి వచ్చింది.

"గురవన్నా, మునిగితే మా చెవులు వాటంతటవే మూసుకుంటాయి. నీకు ఆ మూత లేదు. కొండముచ్చులు పిల్లలకు పెడతాయే, ఆ తేనెమైనం బిళ్ల పెట్టించుకుని దిగు. గట్టెక్కాక తల పక్కకు వంచి నీళ్లు కారనియ్యి" అంది.

"మైనం పెట్టుకుంటే చంటిపిల్లాడినని నవ్వరా? చెవికాపు వాడికే చెవుల గురించి పాఠమా అక్కా?"

"చెవుల మీద పని చేసేవాడికి చెప్పకపోతే ఇంకెవరికి చెప్పాలి?"

గురవన్న నవ్వేసి మళ్లీ మునిగాడు.

ఆ సాయంత్రం ఎడమ చెవిలో నీళ్లు గుడగుడలాడాయి. మర్నాడు దురద మొదలైంది. ఎవరూ చూడకుండా ఒక ఎండు కొమ్మకు చెవిని ఆనించి లోపల గోకాడు. ఎంతో హాయిగా అనిపించింది. మూడో రోజుకు చెవి వాచి, చీము పట్టి, అటువైపు ఏమీ వినబడకుండా పోయింది.

ఎల్లమ్మకు చెప్పాలనుకున్నాడు. కానీ ఆమె ముందే చెప్పింది కదా, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి? కాపు ఒక వారం కుందేలు సీతాలుకు అప్పగిద్దామనుకున్నాడు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? చివరికి ఎవరికీ చెప్పలేదు. కుడి చెవి ఒక్కటే నిక్కించి, ఎప్పటిలాగే దర్జాగా గట్టు మీద నిలబడ్డాడు. చిరుత ఎడమవైపు నుంచి రాకపోతే చాలని మొక్కుకున్నాడు.

చిరుత ఎడమవైపు నుంచే వచ్చింది.

ఆకులు నలిగాయి. గురవన్నకు వినబడలేదు. కాలు నేలను తన్నలేదు. అందరికంటే చివర తాగుతున్న సీతాలు మీద చిరుత పంజా పడింది. ఆమె గింజుకుని, ఎగిరి, ముళ్లపొదలోకి దూరి ప్రాణం దక్కించుకుంది. ఆమె చెవి సగం మాత్రం చిరుత గోళ్లలో ఉండిపోయింది.

పొదలోంచి ఆమె పెట్టిన కేకలకు మిగతావాళ్లంతా చెదిరిపోయారు. గురవన్నను ఎవరూ తిట్టలేదు. చిరుత మెత్తగా వచ్చి ఉంటుంది, పాపం అతను మాత్రం ఏం చేస్తాడు అనుకున్నారు. ఆ మంచిమాటలే అతన్ని నిలువునా దహించాయి. రెండు రోజులు మేత ముట్టలేదు. నిద్రపోదామంటే ఆ సగం చెవే కళ్ల ముందు కనబడేది.

మూడో రోజు వెళ్లి సీతాలు దాగిన ముళ్లపొద ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తల ఎత్తకుండానే అంతా చెప్పాడు. మైనం వద్దన్నది, కొమ్మతో గోకింది, నొప్పి దాచింది, ఏదీ మిగల్చలేదు.

సీతాలు పొదలోంచి తల బయటపెట్టింది.

"మామా, 'నాకు చెవి నొప్పిగా ఉందమ్మా' అని ఒక్క మాట చెబితే నేను కాపు కాసేదాన్ని కదా. నేను నవ్వుతాననుకున్నావా?"

"అవును" అన్నాడు గురవన్న. ఆ మాట చెప్పడం చిరుతను ఎదుర్కోవడం కన్నా కష్టమైంది.

ఆ తర్వాత అతనే వెళ్లి చూపిస్తే ఎల్లమ్మ అతని చెవి చూసింది. నేను చెప్పలేదా అని ఒక్కసారి కూడా అనలేదు. చెవి పూర్తిగా నయమయ్యేదాకా నీళ్లలో దిగొద్దని, పుల్ల కూడా పెట్టొద్దని మాత్రం అంది. వాపు తగ్గడానికి నెల పట్టింది. ఆ చెవికి మునుపటి వినికిడి మాత్రం రాలేదు.

గురవన్నకు ఒక చెవి సరిగా వినబడదని తెలిశాక అడవి అంతా కలిసి చెవికాపు సీతాలుకు ఇచ్చింది. గాయపడిన రోజు కూడా పొదలోంచి కేకలు పెట్టి అందరినీ పారిపొమ్మన్నది ఆమే మరి.

గురవన్న మడుగుకు అందరికంటే చివర వచ్చేవాడు. దాహంగా ఉన్నా తల వంచకుండా, దూరంగా నిలబడి ఉండేవాడు. గట్టు మీద ఒకటిన్నర చెవులతో నిలబడిన సీతాలు అతన్ని చూసింది.

"తాగు మామా. నేను వింటున్నాను" అంది.

గురవన్న తల వంచాడు. నీళ్లలో తన ముఖం కనబడకుండా కళ్లు మూసుకుని తాగాడు.

నీతి: ఈతకు దిగేముందు చెవులు కాపాడుకోవాలి, నొప్పి వస్తే ఆ రోజే పెద్దలకు చెప్పాలి. సిగ్గుపడి దాచిన నొప్పికి మనల్ని నమ్మినవాళ్లు కూడా బాధపడాల్సి వస్తుంది.