మట్టల ఆదివారపు గాడిదపిల్ల

యిర్మీయా అయ్యగారిని ప్రశ్న అడగదలచినవాడు ముందు చెప్పులు వెతుక్కోవాలని ఆయన శిష్యులు నవ్వుకునేవారు. జవాబు చెప్పడానికి బదులు ఆయన గొడుగు అందుకుని బయల్దేరేవారు, అడిగినవాడు వెంట నడవాల్సిందే. గోదావరి కాలవ పక్కన ఉన్న ఆయన చిన్న చర్చిలో బైబిలు వాక్యం నేర్చుకుంటున్న నలుగురిలోనూ ఫిలేమోను చురుకైనవాడు. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు.

మట్టల ఆదివారం మర్నాడు పొద్దున్నే అతను ఒక ప్రశ్న పట్టుకొచ్చాడు. యెరూషలేములోకి ప్రభువు ఎక్కి వెళ్ళిన గాడిదపిల్ల ఆ తర్వాత ఏమైంది? దాన్ని ఎవరు తోలుకెళ్ళి అప్పగించారు? సొంతదారు పేరేమిటి? సువార్తలు నాలుగూ రెండేసిసార్లు తిరగేశాననీ, ఎక్కడా ఒక్క ముక్క లేదనీ చెప్పాడు. ఇంత లోతుగా ఆలోచించినందుకు మెచ్చుకోలు వస్తుందని ఎదురుచూశాడు. అయ్యగారు గొడుగు తీసుకున్నారు.

ఇద్దరూ కాలవ రేవుకి వెళ్ళారు. అక్కడ నూకాలు ఊరి బట్టలు ఉతుకుతోంది. నిన్న ఊరేగింపులో ముందు నడిచిన గాడిదపిల్ల వాళ్ళదే. స్వామి పనికి కావాలి, మధ్యాహ్నానికల్లా తెచ్చిచ్చేస్తానని ఫిలేమోను అడగ్గానే ఆమె మొగుడు పోలయ్య మారుమాట లేకుండా తాడు చేతికిచ్చాడు. ఊరేగింపు దివ్యంగా జరిగింది. గాడిదపిల్ల వీపున ఎర్రశాలువా, మెడలో కాగితప్పూల దండ, వెనక ఈతమట్టలు ఊపుతూ హోసన్నా పాడే జనం. ఫొటోలన్నిట్లోనూ ఫిలేమోను దాని పక్కనే ఉన్నాడు. తర్వాత ఆరాధన, ప్రసంగం, భోజనాలు. దాన్ని చర్చి ప్రహరీ పక్కన వదిలినట్టు అతనికి లీలగా గుర్తు. ఎవరో ఒకరు తోలేసి ఉంటారని కూడా అనుకోలేదు, అసలు దాని ఊసే తలపుకి రాలేదు. రేవు మెట్లు దిగుతుంటే ఇప్పుడు గుర్తొచ్చింది.

గట్టు మీద ఒక ముసలి గాడిద మూట వెయ్యనివ్వకుండా గిరగిరా తిరుగుతోంది, ఉండుండి ఓండ్ర పెడుతోంది. నిన్నటినుంచీ ఇదే వరస అనీ, మూటలన్నీ తానూ మొగుడూ నెత్తిన మోసుకొచ్చామనీ నూకాలు చేతులు తుడుచుకుంటూ నవ్వుతూనే చెప్పింది.

"స్వామి పని ఇంకా అవలేదేమో అనుకున్నాం బాబూ. ఎనక్కి అడిగితే బాగోదని మా ఆయన ఊరుకున్నాడు."

రేపు పంపిస్తామమ్మా అన్న మాట ఫిలేమోను నాలిక చివరిదాకా వచ్చింది. ఈలోగా వెతికించవచ్చు, దొరికితే ఎవరికీ ఏమీ తెలియదు. అయ్యగారి వైపు చూశాడు. ఆయన నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు. ఇలాంటప్పుడు ఆదుకునే రకం కాదు ఆయన.

"అది మా దగ్గర లేదమ్మా," అన్నాడు చివరికి. "కట్టెయ్యకుండా వదిలేశాను. ఎటు పోయిందో తెలీదు."

నూకాలు తిట్టలేదు. తిట్టి ఉంటే అతని ప్రాణం కాస్త తెరిపిన పడేది. దూరం పోకుండా ముందుకాళ్ళకి బందం వేశారా అని అడిగింది. అలా వేస్తారని కూడా అతనికి తెలియదు. తల్లికి వయసైపోయింది, వచ్చే ఏటినుంచి మూటలు మొయ్యాల్సింది ఆ పిల్లే కదా అని తనలో తను అనుకుంది. ఆపైన, అనాలా వద్దా అన్నట్టు నెమ్మదిగా అంది.

"తల్లిని కూడా తోలుకెళ్ళమన్నాను కదా బాబూ. పాలు మరవని పిల్ల, ఒక్కతీ ఉండదని."

నిజమే, అంది. ముసలిదాని వీపంతా పుళ్ళు, ఊరేగింపులో చూడ్డానికి బాగుండదని అతనే వద్దన్నాడు. ప్రభువు తల్లినీ పిల్లనీ రెంటినీ తోలుకురమ్మన్నాడని మత్తయి రాసిన సంగతి అతనికి తెలియనిది కాదు. రెండెందుకు అన్నదాని మీద పోయిన నెలే అరగంట ప్రసంగించాడు, ఒకటి పాత నిబంధన, రెండోది కొత్త నిబంధన అని. ఇప్పుడు ఆ ప్రసంగం తలచుకుని తలెత్తలేకపోయాడు.

కాలవ గట్టు వెంట మధ్యాహ్నందాకా వెతికాడు. మూడు మైళ్ళ దిగువన, లాకుల అవతల, తుమ్మపొదలో దొరికింది. తాడు కొమ్మలకి చుట్టుకుని మెడ ఒరుసుకుపోయింది. పూలదండ సగం తినేసింది. లాగితే రాదు, తోస్తే కదలదు. బతిమాలుకుంటూ, నిన్న హోసన్నా పాడిన వీధిలోంచే నడిపించుకు రావాల్సి వచ్చింది. మళ్ళీ పండగేనా అని అరుగుల మీదవాళ్ళు నవ్వారు. సిగ్గుతో చితికిపోయాడు గానీ తాడు మాత్రం వదల్లేదు.

రేవులో అయ్యగారు పంచె ఎగ్గట్టి, నూకాలు ఒక కొస పట్టుకుంటే తాను రెండో కొస పట్టుకుని దుప్పట్లు పిండుతున్నారు. పిల్ల పరుగున పోయి తల్లి పొదుగులో తల దూర్చింది. పోలయ్య దాని మెడకి పసుపు అద్ది, ఇంతెండలో శ్రమపడ్డారు బాబూ అని ఫిలేమోనుకి దండం పెట్టాడు. చెంపదెబ్బలా తగిలిన ఆ దండాన్ని ఫిలేమోను జన్మలో మరిచిపోలేదు.

తిరుగుదారిలో తన ప్రశ్న ఇంక మరిచిపొమ్మని ఫిలేమోను గొణిగాడు. అయ్యగారు ఆగారు.

"ప్రభువు ఎక్కిన పిల్ల సాయంత్రానికల్లా ఇల్లు చేరి ఉంటుంది," అన్నారు. "ఇల్లు చేరినదాని గురించి ఎవరు రాస్తారు, ఫిలేమోనూ?"