మోచేతి మడత

యానిమేషన్ నేర్పే లలితాంబగారిని శిష్యులు ఏదైనా అడిగితే ఆవిడ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చెప్పులు వేసుకుని, "నాతో రా" అనేవారు.

ఆ రోజు అడిగినవాడు కిరీటి. చేపల బుట్ట నెత్తికెత్తుకునే ఒక ముసలామె బొమ్మను అతను కంప్యూటర్‌లో తయారుచేస్తున్నాడు. లోపల అస్థిపంజరం అమర్చాడు. ఎముకను తిప్పితే పైనున్న చర్మం దాని వెంట కదలాలి. కానీ ఆమె చెయ్యి మడిచినప్పుడల్లా మోచెయ్యి వంచిన రబ్బరు గొట్టంలా సొట్టపోతోంది. మర్నాడే నిర్మాతకు చూపించాలి.

"ఎముకలన్నీ సరిగ్గానే తిరుగుతున్నాయి మేడమ్. ఇక చర్మానిదేముంది, వెంట రావడమేగా? ఎందుకు రాదు?" అన్నాడు కంగారుగా.

ఆవిడ గడియారం చూసుకుని లేచారు. "నాతో రా."

తీసుకెళ్లింది ఆసుపత్రికి. ఆవిడ తమ్ముడి కూతురు హారిక, ఎనిమిదేళ్ల పిల్ల, మరిగే గంజి మీద పడి కుడిచెయ్యి కాలింది. పుండు మానింది. ఆ వేళే కట్టు విప్పుతున్నారు. మంచానికి ఎదురుగా తల్లి సుచరిత స్టూలు మీద కూర్చుని కొంగు మెలిపెడుతోంది.

మోచేతి మడతలో చర్మం ఎర్రగా, నున్నగా బిగిసి ఉంది. "ఎక్స్‌రే చూశాను. ఎముక, కీలు బాగానే ఉన్నాయి," అన్నాడు డాక్టరు. "ఏదీ పాపా, చెయ్యి చాపి అమ్మ ముక్కు పట్టుకో."

హారిక నవ్వుతూ చాపింది. సగం దాకా తెరుచుకుని చెయ్యి ఆగిపోయింది. మడతలో చర్మం తెల్లగా పాలిపోయింది. పిల్ల పెదవి కొరుక్కుంది. భుజం ముందుకొచ్చింది, మెడ పక్కకి ఒరిగింది, కాలివేళ్లు ముడుచుకుపోయాయి. ఒళ్లంతా అమ్మ వైపు వచ్చింది, చెయ్యి తప్ప.

సుచరిత ఉండబట్టలేక ముఖం ముందుకు వంచింది. లలితాంబగారు ఆమె భుజం పట్టి వెనక్కి లాగారు.

"నువ్వు రాకు సుచరితా. దాన్నే రానీ."

కిరీటి తెలియకుండానే తన కుడిచెయ్యి చాచాడు.

పిల్ల వేళ్లకీ తల్లి ముక్కుకీ మధ్య జానెడు దూరం అలాగే మిగిలిపోయింది. "ఇవాళ్టికి చాలు," అన్నాడు డాక్టరు. రోజూ నూనె రాసి మెల్లగా సాగదీయాలట. అప్పటికీ లొంగకపోతే ఆపరేషన్ చేయాలట. ఆ మాట ఆయన గొంతు తగ్గించే చెప్పాడు. అయినా పిల్ల వింది.

"అత్తా, నేను చాపుతూనే ఉన్నాను," అంది హారిక. "నిజంగా చాపాను."

"చూశానమ్మా," అన్నారు లలితాంబగారు.

సుచరిత స్టూలు ముందుకు జరుపుకుని పిల్ల వేళ్లను తన ముక్కుకు తాకించుకుంది. ఈసారి ఆమెను ఎవరూ ఆపలేదు.

బయటికి వచ్చాక కిరీటి మెట్ల దగ్గర ఆగాడు. "ఎముక బాగానే ఉందన్నారు కదా మేడమ్..."

"బాగానే ఉంది," అన్నారు ఆవిడ. "చర్మం రాకపోతే అదొక్కటే ఎక్కడికి పోగలదు?"