చదవకుండా ఎత్తిన చెయ్యి

1996లో రాళ్లగెడ్డ ఊళ్లో బమ్మిడి నూకాలమ్మకు ద్రోహం జరిగింది. చేసినవాడు పగవాడు కాదు, ఒకప్పుడు ఆమె జీడితోటను కోర్టులో గెలిపించిన వకీలే.

ఆయన పేరు పొట్నూరు వైకుంఠరావు. కొండవాలులో పేదలు పెంచుకున్న తోటలను ఒక భూస్వామి కాజేయబోతే, కుర్ర వకీలుగా ఆయనే అడ్డుపడ్డాడు. ఒక్కో పత్రాన్నీ మళ్లీ మళ్లీ చదివేవాడు. కామా కూడా వదిలేవాడు కాదు. కేసు గెలిచాడు. ఊరు ఆయన్ని భుజాన మోసింది, శాసనసభకు పంపింది. ఒకసారి కాదు, ఐదుసార్లు.

సభలో కుదురుకున్నాక ఆ కళ్లకు బద్ధకం వచ్చింది. బిల్లుల కట్టలు విప్పేవాడే కాదు. ముందు వరసలో మంత్రి చెయ్యెత్తితే వెనక తనూ ఎత్తేవాడు.

"ఒకసారి చూడండి రావుగారూ, ఇది భూముల బిల్లు," అన్నాడు పక్క సీటు సభ్యుడు.

"చదివి పాసవడానికి ఇదేమైనా పరీక్షా? పదండి, క్యాంటీన్లో పెసరట్లు చల్లారిపోతాయి," అన్నాడు వైకుంఠరావు. చెయ్యెత్తాడు. వెళ్లి తిన్నాడు కూడా!

మరుసటి మాఘంలో, జీడిచెట్లు పూత మీదుండగా, సర్వేవాళ్లు వచ్చి కొండవాలులో రాళ్లు పాతారు. ఫ్యాక్టరీ కడతారట. నూకాలమ్మ నోటీసు పట్టుకుని వైకుంఠరావు గుమ్మంలో నిలబడింది.

"ఏటి బాబూ ఇది?"

"నేను బతికుండగా నీ తోట జోలికి ఎవడొస్తాడమ్మా? రేపే స్టే తెస్తాను," అన్నాడు. పాత నల్లకోటు దులిపి వేసుకుని కోర్టుకు వెళ్లాడు.

ప్రభుత్వ వకీలు తాపీగా లేచి కొత్త చట్టంలోని ఒక సెక్షన్ చదివాడు. ఈ భూముల విషయంలో ఏ సివిల్ కోర్టూ స్టే ఇవ్వకూడదు.

"ఇది తమరు చెయ్యెత్తి ఒప్పుకున్న చట్టమే కదండీ!" అన్నాడు వైకుంఠరావు వైపు తిరిగి.

జడ్జిగారు చేసేదేమీ లేక పిటిషన్ కొట్టేశారు.

నూకాలమ్మ వరండాలో ఆయన్ని ఆపింది. "నిజమేనా బాబూ? సెయ్యెత్తినావా?"

"చదవలేదమ్మా..."

"ఫీజిచ్చినప్పుడు అచ్చరం అచ్చరం సదివినావు. ఓటిచ్చినప్పుడు సదవలేకపోనావా? మా ఓటంత సులకనైపోనాదేటి నీకు?"

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా చెట్లన్నీ పూతతో సహా నరికేశారు. సొంత తోట ఉన్న మనిషి, ఆ ఏడు జీడిపప్పు బట్టీలో కూలికి పిక్కలు కొట్టింది. జీడి రసానికి ఆమె వేళ్లు మాడిపోయాయి.

తర్వాతి ఎన్నికల్లో వైకుంఠరావు ఓడిపోయాడు. ఓడితే ఏం? ఆయనకు పింఛను వస్తుంది. నూకాలమ్మకు తోట రాదు. "పాపం, ఆయనకు తెలియదు కదా" అని జాలిపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తెలుసుకోవడమే కదా ఆయన పని!

నలుగురి తరఫున చెయ్యెత్తేవాడు చదివి ఎత్తాలి. చదవకుండా ఎత్తితే అది పొరపాటు కాదు, ద్రోహం. రాళ్లగెడ్డకు ఆ ద్రోహం జరిగిన తేదీ సభ రికార్డులో ఉంది: 1996 మార్చి 19.