గిజిగాడి విసుగు, ఉడుత దిగులు

అనగనగా ఒక అడవి, దానికో సింహం రాజు. ఆయనగారి గుహ చుట్టూ గిజిగాడి గూళ్ళు తోరణాల్లా వేలాడాలట! అవీ పచ్చగానే ఉండాలి. ఎండితే మళ్ళీ కొత్తవి కట్టాల్సిందే. పాపం గిజిగాడికి పొద్దస్తమానం గడ్డి అల్లడమే పని. రాజుగారి పళ్ళెంలోకి పళ్ళు కోసేది ఉడుత.

ఒకరోజు ఇద్దరూ చతికిలబడ్డారు. తోరణం లేదు, పళ్ళు లేవు. రాజుగారికి ఎంత కష్టమొచ్చిందో చూశారా పిల్లలూ!

ఆస్థాన వైద్యుడు నక్క వచ్చింది. మొదట "బద్ధకం మహారాజా" అంది. వెంటనే సింహం ఉత్సాహం గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చింది. అది విని ఇద్దరూ ఇంకా నీరసపడ్డారు. తర్వాత నక్క తేనె నాకించింది. లాభం లేదు. చివరికి "ఇద్దరిదీ ఒకటే జబ్బు. సెలవిచ్చి ఏటి ఒడ్డుకు పంపండి" అని తేల్చేసింది.

అక్కడ గిజిగాడు కడుపునిండా తిన్నాడు, కంటినిండా నిద్రపోయాడు. కొన్నాళ్ళకి కూనిరాగాలు కూడా తీశాడు. తోరణం మాటెత్తితే మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఉడుత ముడుచుకుని పడుకునే ఉంది. గిజిగాడు దోర జామకాయ తెచ్చి ముందు పెట్టాడు.

"తిను అక్కా, నీకు ప్రాణం కదా!"

"మట్టి తిన్నట్టుంది తమ్ముడూ. పనీ లేదు, సుఖమూ లేదు. నేను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనిపిస్తోంది."

గిజిగాడు గబుక్కున దగ్గరికి జరిగాడు. "అయ్యో అక్కా! నాకు గడ్డి మీద విసుగు. నీకు బతుకు మీదే పోయింది ఆశ. ఇది సెలవుతో తగ్గేది కాదు" అన్నాడు. రివ్వున ఎగిరి నక్కకి చెప్పాడు.

"అయితే ఇంకాస్త సెలవు!" అంది నక్క, కళ్ళైనా తెరవకుండా.

గిజిగాడు కొండమీది ఎలుగుబంటి వైద్యురాలిని బతిమాలి తీసుకొచ్చాడు. "ఇది బద్ధకం కాదు తల్లీ, జబ్బు. నయమవుతుంది, కాస్త టైం పడుతుంది" అందామె. మందిచ్చింది. రోజూ పక్కన కూర్చుని మాట్లాడించింది. వానలు తగ్గాక ఒకనాడు ఉడుత జామకాయ కొరికి "ఛీ, పుల్లగా ఉంది!" అని విసుక్కుంది. గిజిగాడు సంతోషంతో ఏడ్చేశాడు.

గిజిగాడు తిరిగి రాగానే సింహం "బాగయ్యావుగా, ఆగిపోయిన తోరణాలన్నీ రేపటికల్లా కట్టు!" అంది.

"నా జబ్బు మీ గుమ్మంలోనే ఉంది మహారాజా. ఏడాదికో తోరణమైతే కడతాను. లేదా మీరే అల్లుకోండి" అన్నాడు గిజిగాడు.

సింహం గడ్డిపరక పట్టుకుని చూసింది. పంజాకి ముడి పడలేదు. కోపంతో గర్జించింది. నక్క వణుకుతూ "మహారాజులకి కాస్త సెలవు కావాలేమో!" అంది.

నీతి: పనితో అలిసినవాడికి పని తగ్గించాలి, మనసు కుంగినవాడికి వైద్యం చేయించాలి. ఎవరిదేదో అడక్కుండా ఇద్దరికీ సెలవు రాసిచ్చేది నక్క వైద్యం.