జీను చోటున సూదులు

అనగనగా ఒక రాజ్యం. అక్కడ రాజుకు రోజూ ఊరేగింపే, గుర్రానికి ఒక్కనాడూ సెలవు లేదు.

రాజు పేరు దండసేనుడు, గుర్రం పేరు పింగళం. మోసి మోసి పింగళం ముందుకాలు వాచింది. ఆ రాజ్యంలో కుంటి గుర్రాలను అడవిలో పులులకు వదిలేసేవారు. కానీ పింగళం మీద కూర్చుంటేనే రాజు ఎత్తుగా కనబడతాడు. అందుకని సూదివైద్యం తెలిసిన చెన్నాంబను పిలిపించారు.

ఆమె వెంట్రుకంత సన్నని సూదులను గుర్రం మెడకూ మోకాలికీ మెల్లగా గుచ్చింది. పింగళం కళ్లు అరమూసింది.

"ప్రభూ, పోయింది నొప్పే. కాలు ఇంకా మానలేదు. వానలు వెలిసేదాకా ఎక్కకండి," అంది చెన్నాంబ.

"అలాగే," అన్నాడు రాజు. మర్నాడే వేటకు వెళ్లాడు. గుర్రం కుంటుతూ తిరిగొచ్చింది.

చెన్నాంబ మళ్లీ గుచ్చింది. మళ్లీ చెప్పింది.

"నీదంతా చాదస్తం. చక్కగా నడుస్తోందిగా," అని రాజు కోట చుట్టూ ఊరేగాడు. గుర్రం దిగకుండానే, "రాజ్యం కోసం అందరూ త్యాగం చేయాలి," అని ప్రజలకు బోధించాడు. గుర్రపుసాలకు చేరేసరికి పింగళం కాలు గుమ్మడికాయంత అయింది.

మూడోసారి చెన్నాంబ పళ్లు నూరుకుంటూ సూదుల సంచి విప్పింది. అప్పుడు గుర్రం నోరు విప్పింది.

"తల్లీ, నీకు దండం పెడతాను, నా నొప్పి తీయకు. ఆయన్ని నా వీపు మీంచి దించుతున్నది అదొక్కటే. నువ్వు బాగుచేస్తున్నది నన్ను కాదు, ఆయన ఊరేగింపును."

"త్యాగం చేయమన్నారుగా," అంది చెన్నాంబ విసుగ్గా.

"త్యాగం చేసేవాళ్లు ఎప్పుడూ కిందే ఎందుకుంటారో కాస్త అడిగి చెప్పు."

చెన్నాంబ పింగళం కాలికి నాలుగు సూదులు గుచ్చి, మిగిలినవన్నీ వీపు మీద, సరిగ్గా జీను వేసే చోట, నారు నాటినట్టు నాటింది.

రాజు సేవకుడి చేత జీను మోయించుకుని వచ్చాడు. "ఇవెప్పుడు తీస్తావు?"

"పొద్దుగూకాక తీస్తాను ప్రభూ. రేపు పొద్దున్నే మళ్లీ గుచ్చుతాను. కాలు మానేదాకా ఇంతే."

"నాకు తొందరుంది."

"తొందరైతే కూర్చోండి. రాజ్యం కోసం ఆ మాత్రం త్యాగం చేయాలిగా."

రాజు తళతళలాడే సూదులను చూశాడు. పట్టుపంచె సర్దుకున్నాడు. నడిచి వెళ్లాడు.

వానలు వెలిశాయి. పింగళం కాలు మానింది. ఆనాటి నుంచి రాజు ఎక్కేముందు గుర్రం వీపు ఒకసారి తడిమి చూసుకునేవాడు.

పిల్లలూ, నొప్పిని దించితే చాలదు, మీద కూర్చున్న బరువును దించిందే వైద్యం.