నల్ల కారులో శత్రువు

అనగనగా ఒక అడవి ఉండేది. సిటీ మధ్యలో ఉండేది. అడవి చుట్టూ గోడ, గోడకి గేటు, గేటుకి టైమింగ్స్. పొద్దున ఐదున్నర నుంచి పది దాకా. అడవే, డౌట్ పడకండి.

ఆ అడవిలో పన్నెండు నెమళ్లు. ఉండాల్సింది అడవిలో. ఉండేది మాత్రం గోడవతల కొండవాలు కాలనీలో. ఎందుకంటే సుభద్రమ్మగారు. ఆవిడ రోజూ ఏడింటికల్లా మేడ మీద పళ్లెం నిండా నానబెట్టిన పల్లీలు పెట్టేది. పళ్లెంలో పల్లీలుంటే మట్టి గీకి చెదపురుగులు ఏరుకునేదెవరు? మీరైనా ఏరుకోరు.

ఆ పన్నెండింటికీ పెద్దవాడు సింగారం. ఐదేళ్ల మగనెమలి. తోక ఐదడుగులు. తన గురించి తనకి చాలా మంచి అభిప్రాయం.

సింగారానికి ఒక శత్రువున్నాడు. పక్కింటి వామనరావుగారి కొత్త నల్ల కారు డోరులో ఉంటాడు. రోజూ సాయంత్రం ఆరింటికి కారుతో పాటు వస్తాడు. సింగారం వెళ్లి ముక్కుతో పొడుస్తాడు. వాడూ పొడుస్తాడు. సింగారం కాలితో తంతాడు. వాడూ తంతాడు. పొద్దున తొమ్మిదింటికి కారుతో సహా వాడు పారిపోతాడు.

"చూశావా? మళ్లీ గెలిచా," అన్నాడు సింగారం. "మొత్తం నలభై రెండు సార్లు."

ఆ మాట చెప్పింది పులిహోరకి. పులిహోర అంటే పిల్లి. పసుపు రంగు ఒళ్లు, అక్కడక్కడా నల్లచుక్కలు, అందుకని కాలనీ పిల్లలు ఆ పేరు పెట్టారు.

"బాసూ, ఆ డోరు అద్దంలా మెరుస్తది. అందులో ఉన్నది నువ్వే," అంది పులిహోర.

"ఛ. నేనంత కోపంగా ఉండను."

"సరే," అని పులిహోర పడుకుంది.

వామనరావుగారు ఫారెస్ట్ ఆఫీసుకి ఫిర్యాదు పెట్టాడు. డోరు మీద నలభై రెండు గీతలు. గెలుపుకొకటి. వారం తిరక్కుండా రెండోది పెట్టాడు. తెల్లారకముందే అరుపులు, నిద్ర లేదు, అని.

అప్పుడు ఆఫీసు నుంచి నస్రీన్ మేడమ్ వచ్చింది. కాలనీ హాల్లో అందర్నీ కూర్చోబెట్టింది. పులిహోర కిటికీలో కూర్చుంది, దాన్నెవరూ పిలవలేదు.

"అమ్మా, మీరు పల్లీలు ఆపండి," అంది మేడమ్ సుభద్రమ్మగారితో. "పళ్లెం ఉన్నన్నాళ్లూ అవి గోడ దాటి వస్తూనే ఉంటాయి."

"పాపం, ఆకలేస్తే?"

"అడవిలో పురుగులున్నాయమ్మా. వాటికి వంట రానక్కర్లేదు."

తర్వాత వామనరావుగారి వైపు తిరిగింది. "సార్, మీరు కారుకి కవర్ వేయండి."

"నా కారుకి నేను ముసుగెయ్యాలా? దాని ముక్కుకెయ్యండి!"

"వేస్తా సార్. మీరు దాన్ని పట్టుకోండి."

వామనరావుగారు పట్టుకోనన్నాడు.

"ఈ రెండూ చేసి చూడండి. అయినా మూడో ఫిర్యాదు వచ్చిందనుకోండి, పన్నెండింటినీ వలేసి పట్టి, దూరంగా పెద్దడవిలో వదిలేస్తాం. అక్కడ నక్కలుంటాయి. పల్లీలు తిన్న నెమళ్లు అక్కడ ఎన్నాళ్లు బతుకుతాయో నేను చెప్పలేను."

పులిహోర కిటికీ దిగి తిన్నగా మేడ మీదికి పోయింది.

మేడ మీద ఒక పాత సిమెంటు తొట్టి ఉంది. అందులో మొక్క ఎప్పుడో చచ్చిపోయింది. ఇప్పుడందులో మచ్చమ్మ పొదుగుతోంది. మచ్చమ్మ అంటే సింగారం పెళ్లాం. ఆమె కింద నాలుగు గుడ్లు. పిల్లలవ్వాలంటే ఇంకో పది రోజులు.

పులిహోర విన్నదంతా చెప్పింది. మచ్చమ్మ కదల్లేదు.

"వలలో గుడ్లు కూడా పడతాయా?" అనడిగింది.

"పడవు. గుడ్లు ఇక్కడే ఉండిపోతాయ్."

మచ్చమ్మ పక్కనే ఉన్న సింగారం వైపు చూసింది. "విన్నావుగా? ఇంక వాడి జోలికెళ్లకు."

"వాడు నా జోలికొస్తే?"

"వచ్చినా."

సింగారం తోక ఒకసారి విదిలించి, సరే అన్నాడు. ఆ సరేలో బలం లేదు.

మర్నాటి నుంచి పళ్లెం బంద్. మొదటి రోజు పదకొండు నెమళ్లూ మేడ మీద వరసగా నిలబడి తలుపు వైపు చూశాయి. తలుపు వెనక సుభద్రమ్మగారు ఏడ్చుకుంది. రెండో రోజు ఐదే వచ్చాయి. మూడో రోజు ఎవరూ రాలేదు. అందరూ గోడవతల మట్టి గీక్కుంటున్నారు. సింగారం కూడా గీకాడు. ఎవరూ చూడనప్పుడు.

మచ్చమ్మ పొద్దునొకసారి దిగి, నాలుగు పురుగులు తిని, పరుగున వచ్చి మళ్లీ తొట్టిలో కూర్చునేది.

కారుకి కవర్ పడింది. శత్రువు కనిపించలేదు.

"ఊరొదిలి పోయాడు," అన్నాడు సింగారం. "నలభై మూడు."

ఏడో రోజు సాయంత్రం గాలి లేచింది. మామూలు గాలి కాదు, వానకి ముందొచ్చే గాలి. బట్టల తీగలు తెగాయి. కవర్ ఎగిరి ఇంటి గేటు మీద పడింది.

కారు నల్లగా మెరిసింది. శత్రువు తిరిగొచ్చాడు.

సింగారం రోడ్డు మీద ఆగాడు. వాడూ ఆగాడు. గోడ మీద ఆడనెమళ్లు చూస్తున్నాయి. బాల్కనీలో వామనరావుగారు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. మూడో ఫిర్యాదు అప్పటికే టైప్ చేసి పెట్టుకున్నాడు. ఫొటో ఒక్కటే తక్కువ.

"ఏంటి బావా, భయమా?" అంది గోడ మీద నుంచి ఒకామె.

"తోక తడుస్తదనేమో లేవే," అంది ఇంకొకామె.

సింగారం మెడ ఉబ్బింది. కాలు పైకి లేచింది. వాడి కాలు కూడా లేచింది. అదే పొగరు, అదే చూపు. ఒక్క తన్ను చాలు.

మేడ మీద నుంచి మచ్చమ్మ పిలిచింది. తొట్టిలోంచి లేవలేదు, తల మాత్రం ఎత్తింది.

"ఏమయ్యో! లోపల కదులుతున్నాయ్!"

అంతే అంది.

సింగారం కాలు గాల్లోనే ఉండిపోయింది. కాసేపలాగే ఉంది. కాలు నొప్పెట్టింది కూడా. తర్వాత దింపాడు. ఆ తర్వాత, గోడ మీద అందరూ చూస్తుండగా, వెనక్కి తిరిగాడు.

జీవితంలో మొదటిసారి తిరిగాడు. నాలుగడుగులేశాడు. వెనక నుంచి తన్ను పడుతుందేమోనని మెడ తిప్పి చూశాడు.

వాడు కూడా వెనక్కి తిరిగి ఉన్నాడు. వాడు కూడా మెడ తిప్పి చూస్తున్నాడు. ఇంకో నాలుగడుగులేస్తే వాడూ వేశాడు. చిన్నగా అయిపోయాడు.

సింగారానికి అప్పుడు తట్టింది. "వాడికీ ఇంట్లో గుడ్లున్నట్టున్నాయ్."

వాన మొదలైంది. వామనరావుగారు ఫోన్ పట్టుకుని ఇంకాసేపు చూశాడు. ఫొటోలో వచ్చింది వెళ్లిపోతున్న నెమలి తోక. దాని మీద ఫిర్యాదు పెట్టలేం. టైప్ చేసింది చెరిపేసి, కిందికి దిగి, తడుస్తూ కవర్ కట్టుకున్నాడు. ఈసారి తాడుతో కట్టాడు.

"మీ నెమలి ఇవాళ ఏం చెయ్యలేదండీ," అన్నాడు మేడ వైపు చూసి. ఆ గొంతులో కొంచెం బాధ కూడా ఉంది.

"నాది కాదండీ, అడవిది," అంది సుభద్రమ్మగారు. "తడిసిపోయారు. టీ తాగుతారా?"

వెళ్లి తాగాడు. మూడు బిస్కెట్లు కూడా తిన్నాడు.

మూడు రోజులకి నాలుగు గుడ్లలో మూడు పిల్లలయ్యాయి. ఇంకో రెండు రోజులకి మచ్చమ్మ వాటిని మెట్ల మీదుగా కిందికి దింపింది. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో పంచాయితీ. అరగంట పట్టింది. కాలనీ అంతా ఊపిరి బిగబట్టి చూసింది. అడవి గేటుకి టైం అయిపోయినా నస్రీన్ మేడమ్ తీయించింది. వామనరావుగారు గేటు మూసుకుపోకుండా పట్టుకున్నాడు. ఎవరూ పట్టుకోమన్లేదు.

గోడ దగ్గర పులిహోర అడిగింది. "బాసూ, ఆ రోజుది లెక్కలో ఎలా వేశావ్? గెలుపా, ఓటమా?"

సింగారం పిల్లల వెనకాలే నడుస్తూ బాగా ఆలోచించాడు.

"డ్రా," అన్నాడు.

నీతి: ఎదుటోడు తగ్గితేనే నేను తగ్గుతా అనుకుంటే ఇద్దరూ అక్కడే నిలబడిపోతారు. ముందు నువ్వు తిరుగు, వాడూ తిరుగుతాడు.